స్లావిక్ భాషల స్వయంబోధిని – తొమ్మిదవ పాఠం: రష్యన్ వైద్యురాలికి ప్రత్యయం వెతకవద్దు

గత పాఠంలో క్రొయేషియన్ వృత్తినామాలకు స్త్రీలింగ రూపాలు చేసే పద్ధతి చెప్పి, చివర పది మాటలను రష్యన్‌లోకి మార్చమని అడిగాను. వచ్చిన జవాబుల్లో సగానికి పైగా ‘వ్రాచీత్సా’ అనే మాట కనిపించింది. రష్యన్‌లో అటువంటి మాట లేదు. క్రొయేషియన్‌లో లియెచ్నిక్ (వైద్యుడు) నుంచి లియెచ్నిత్సా వచ్చింది గనుక రష్యన్ ‘వ్రాచ్’ (వైద్యుడు) కూడా అదే దారిన నడుస్తుందని చాలామంది భావించారు. అందువల్ల ఈ వారం అనుకున్న కొత్త విషయాన్ని పక్కన పెట్టి, ఈ చిక్కునే విప్పుదాం.

రెండు భాషల తేడా ఒక్కమాటలో ఇది. క్రొయేషియన్ స్త్రీత్వాన్ని నామంలోనే చూపుతుంది. రష్యన్ చాలా గౌరవవాచక వృత్తినామాల విషయంలో నామాన్ని కదిలించకుండా భూతకాల క్రియలో చూపుతుంది. 2009 నుంచి 2011 వరకు క్రొయేషియా ప్రధానమంత్రిగా పనిచేసిన యద్రాంకా కోసోర్‌ను ‘ప్రెమియెర్కా’ అన్నారు; 2015లో అధ్యక్ష పదవి చేపట్టిన కొలిందా గ్రాబర్-కితారొవిచ్‌ను ‘ప్రెద్స్యెద్నిత్సా’ అన్నారు. అక్కడ పదవి ఎంత పెద్దదైనా ప్రత్యయం చేరుతుంది, అందువల్ల గౌరవం తగ్గదు. న్యాయమూర్తి ‘సూదాత్స్’ అయితే ఆమె ‘సుత్కిన్యా’, మనస్తత్వవేత్త ‘ప్సిహోలోగిన్యా’, పాత్రికేయురాలు ‘నోవినార్కా’. ఏ మాటకు ఏ ప్రత్యయమో గత పాఠంలో ఉన్నది కనుక మళ్లీ చెప్పను. ‘కుహారిత్సా’ అంటే వంటమనిషి అనే కాక వంటల పుస్తకం అని కూడా అర్థం ఉన్నదని మాత్రం గుర్తుంచుకోండి.

రష్యన్‌లో ప్రత్యయాలు లేవని కాదు. బడిపంతులమ్మ ‘ఉచీతెల్నిత్సా’, విద్యార్థిని ‘స్తుద్యెంత్కా’, పాత్రికేయురాలు ‘జుర్నలీస్త్కా’, గాయని ‘పివీత్సా’; వీటిని నిస్సంకోచంగా వాడవచ్చు. కాని ప్రత్యయం చేరగానే అర్థమే మారిపోయే మాటలున్నాయి. ‘మషినీస్త్’ రైలు నడిపే వ్యక్తి, ‘మషినీస్త్కా’ టైపిస్టు. దశాబ్దాల నిషేధం తరువాత 2021 ఆరంభంలో మాస్కో మెట్రోలో మహిళలు మళ్లీ రైళ్లు నడపసాగినప్పుడు వారిని ఆ మాటతో పిలవడం కుదరలేదు. ‘జెన్షినా-మషినీస్త్’, అంటే మహిళా డ్రైవరు, అనవలసి వచ్చింది. ‘తిఖ్నీచ్కా’ అంటే సాంకేతిక నిపుణురాలని మీలో కొందరు రాశారు. వాడుకలో ఆ మాటకు పారిశుధ్య పనులు చేసే స్త్రీ అని అర్థం. ‘షా’ ప్రత్యయం మరీ ప్రమాదకరం: ‘గినిరాల్షా’ అంటే సంప్రదాయంగా జనరల్ గారి భార్య. ‘వ్రాచీఖా’ అనే రూపం నోటి మాటల్లో వినబడినా అందులో చులకన ధ్వని ఉంది. రష్యన్ కవయిత్రి అన్నా అఖ్మాతొవా ‘పొయెతెస్సా’ (కవయిత్రి) అనిపించుకోవడానికి ఇష్టపడక ‘పొయెత్’ (కవి) అనే మాటనే కోరుకున్నది. ఈ మధ్య ‘ఆవ్తర్కా’ (రచయిత్రి) వంటి కొత్త రూపాలను స్త్రీవాదులు పట్టుదలతో వాడుతున్నారు, ఆ పట్టుదల నాకు అర్థమవుతుంది. అయినా పరాయి భాష నేర్చుకునేవారు ముందు పాత రూపాలను పట్టుకోవడమే మేలని నా అభిప్రాయం.

ఇప్పుడు నాకు విసుగు తెప్పించే అసలు తప్పు. ‘వ్రాచ్ ప్రిష్లా’ (వైద్యురాలు వచ్చారు) సరైన వాక్యమే: నామం పుంలింగం, క్రియ స్త్రీలింగం. క్రియను ‘ప్రిషోల్’ అని పుంలింగంలో ఉంచినా వ్యాకరణం ఒప్పుకుంటుంది, కాని ఇంటిపేరు తోడైతే ‘వ్రాచ్ ఇవనోవా ప్రిష్లా’ అని స్త్రీలింగమే రాయాలి. ఇంతవరకు అందరూ సరిగానే రాశారు. తరువాత విశేషణాన్ని కూడా క్రియ వెంట లాక్కుపోయారు. మాట్లాడే భాషలో ‘నోవయా వ్రాచ్’ (కొత్త వైద్యురాలు) వినబడుతుంది, అది ప్రథమా విభక్తి వరకే. విభక్తి మారిన క్షణంలో ఆ స్వేచ్ఛ పోతుంది. ‘కొత్త వైద్యురాలి దగ్గరికి’ అనడానికి ‘క్ నోవమూ వ్రచూ’ అని పుంలింగ విశేషణమే రావాలి. ‘క్ నోవయ్ వ్రచూ’ అని ఏ రష్యనూ అనరు. ఎందుకంటే ‘వ్రచూ’ రూపమే పుంలింగ విభక్తి రూపం, దాని పక్కన స్త్రీలింగ విశేషణం నిలవదు. ‘నేను కొత్త వైద్యురాలిని చూశాను’ అన్నా, ‘కొత్త వైద్యురాలితో మాట్లాడాను’ అన్నా ఇదే నియమం. రాతలో నేను ప్రథమలో కూడా ‘నోవియ్ వ్రాచ్’ అనే రాస్తాను. ఆమె స్త్రీ అని చెప్పే పనిని ఇంటిపేరుకో క్రియకో అప్పగిస్తాను. రష్యాలో వైద్యం చదువుతున్న మన విద్యార్థులకు ఈ వాక్యం రోజూ అవసరమయ్యేదే కనుక ఇంత సాగదీశాను.

ఇంకొక పొరపాటు తెలుగు నుంచి వచ్చింది. గౌరవంతో ‘వైద్యురాలు వచ్చారు’ అనే అలవాటు వల్ల కొందరు క్రియను బహువచనంలో పెట్టి ‘వ్రాచ్ ప్రిష్లీ’ అన్నారు. ప్రథమ పురుషలో నేటి రష్యన్‌కు ఆ మర్యాద అక్కరలేదు, ఏకవచనమే చాలు. ‘మీరు’ అని ఎదుటివారిని సంబోధించినప్పుడు మాత్రం బహువచనం వస్తుంది: ఒక్క స్త్రీతో మాట్లాడుతున్నా రష్యన్‌లో ‘వీ ప్రిష్లీ’ అనీ, క్రొయేషియన్‌లో ‘వీ స్తే దోష్లి’ అనీ అనాలి. క్రొయేషియన్‌లో ఉత్తరం మొదలుపెట్టేటప్పుడు సంబోధనా విభక్తిని మరువకండి: ‘పోష్తొవానా ప్రొఫెసోరిత్సే’, చివర ‘సే’.

అభ్యాసం: ఈ నాలుగు వాక్యాలను రెండు భాషల్లోనూ రాయండి. మా కొత్త వైద్యురాలు నిన్న వచ్చారు. కొత్త వైద్యురాలికి ఉత్తరం రాశాను. కొత్త న్యాయమూర్తితో (స్త్రీ) పాత్రికేయురాలు మాట్లాడింది. డాక్టరుగారూ, మీరు ఆలస్యంగా వచ్చారు. రష్యన్‌లో న్యాయమూర్తిని ‘సుద్యా’ అంటారు. చివరి ఆకారాన్ని చూసి అది స్త్రీలింగమని తేల్చేయకుండా నిఘంటువులో దాని లింగం చూసుకోండి. తరువాత ఆ ఎనిమిది వాక్యాల్లోనూ ‘కొత్త’ అనే విశేషణం ఉన్నచోటల్లా దాని కింద గీత గీసి, అది ఏ లింగంలో, ఏ విభక్తిలో ఉందో పక్కన రాసి పంపండి. గీత లేని జవాబులను నేను దిద్దను.