పోర్చుగల్ పోస్ట్‌డాక్‌కి అప్లై చేస్తున్నారా? ముందు మీ ఇంటిపేరు చూసుకోండి

మొన్న ఆదివారం గుంటూరు నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. ఇక్కడ పోర్టోలో పోస్ట్‌డాక్‌కి, అంటే పీహెచ్‌డీ తర్వాత చేసే పరిశోధన పనికి, సెలెక్ట్ అయ్యాడు, కాంట్రాక్టు దగ్గర ఆగింది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, పీహెచ్‌డీ పట్టా మీద పొడి అక్షరమే ఉంది. ఇద్దరూ ఒకరేనని రుజువు అడిగారు. వింటుంటే నాకు కడుపులో దేవినట్టయింది. ఇక్కడ నా మొదటి మూడు నెలలూ ఇందులోనే పోయాయి.

ఖాళీలు యూరప్ పరిశోధన ఉద్యోగాల వెబ్‌సైటు యూరాక్సెస్‌లో ఉంటాయి, ప్రొఫెసర్‌కి ముందే మెయిల్ రాయాలి. ఇవి మీకు తెలిసినవే. ఎడిటల్, అంటే ప్రకటన పూర్తి పాఠం, మాత్రం ఆఖరి వాక్యం దాకా చదవండి. 'బోల్సా' అని ఉంటే అది ఫెలోషిప్, ఏడాదికి 12 నెలల డబ్బే. ఉద్యోగ కాంట్రాక్టయితే 14 జీతాలు. పోస్ట్‌డాక్ బోల్సాకి పీహెచ్‌డీ వచ్చి మూడేళ్లు దాటకూడదు. అడిగిన కాగితం లేకపోతే అప్లికేషన్ పక్కన పెట్టేస్తారు. "తర్వాత పంపిస్తాను సార్" అంటే ఇక్కడ కుదరదు, ఎన్నిసార్లు చెప్పినా మనవాళ్లు వినరు!

ఇక పేరు సంగతి. పోర్చుగీసువాళ్లకి ముందు సొంత పేరు, తర్వాత మామూలుగా అమ్మ వైపు ఇంటిపేరు, చివర నాన్న వైపుది. ఆఖరి మాటే ఇంటిపేరని వాళ్ల లెక్క. మనకి ఇంటిపేరు ముందుంటుంది. అలా నా సొంత పేరు ఒక కాగితంలో ఇంటిపేరైంది, ఇంకోదాంట్లో ఇంటిపేరు పొడి అక్షరంగానే ఉండిపోయింది. పన్ను నంబరు నీఫ్ ఒక పేరు మీద, సోషల్ సెక్యూరిటీ నంబరు నీస్ ఇంకో పేరు మీద వచ్చాయి. బ్యాంకువాళ్లు ఖాతా తెరవలేదు, జీతం ఆగింది. నేను ఇక్కడుంటే అక్కడ మా నాన్న నా పట్టా పట్టుకుని అపోస్టిల్ కోసం, అంటే కాగితం అసలైనదేనని విదేశాలకి చూపే ప్రభుత్వ ముద్ర కోసం, ఎండలో తిరిగారు. ఆ వయసులో ఆయన్ని అలా తిప్పానని ఇప్పటికీ బాధే.

కాబట్టి అప్లై చేయకముందే పాస్‌పోర్టులో ఉన్న పేరునే సీవీలో, దరఖాస్తులో, మెయిల్ కింద అక్షరం తేడా లేకుండా రాయండి. పట్టా మీద వేరేగా ఉంటే ఇద్దరూ ఒకరేనని నోటరీ దగ్గర అఫిడవిట్ చేయించండి. దానికీ, పట్టాకీ అపోస్టిల్ వేయించండి. మన దేశం 2005 నుంచి అపోస్టిల్ ఒప్పందంలో ఉంది కాబట్టి ఎంబసీ ముద్ర అక్కర్లేదు. విదేశీ పీహెచ్‌డీకి ఇక్కడ గుర్తింపు తీసుకోవాలి, 2018 నాటి చట్టం అది. ఈ గుర్తింపుని రెకొన్యెసిమెంతు అంటారు. దరఖాస్తుకే చూపాలో, కాంట్రాక్టు నాటికి చాలో ఎడిటల్‌లోనే ఉంటుంది. ఆ గుర్తింపు పత్రంలో కూడా పాస్‌పోర్టు పేరే పడేలా చూసుకోండి. ఒకసారి తప్పు పడితే అదే తప్పు అన్ని కాగితాల్లోకీ పాకుతుంది.

ఇంత చెప్పి మిమ్మల్ని భయపెట్టానేమో. సరే, ఇదీ చెప్పాలి. తొలి జాబితాలో మిమ్మల్ని తీసేసినా అంతటితో అయిపోదు, అభ్యంతరం రాయడానికి 10 పనిదినాలు ఇస్తారు. నాకు ఆగిన జీతం కూడా మొత్తం వచ్చింది. తమ్ముడి పోస్టూ పోలేదు, చేరే తేదీ ఒక నెల వెనక్కి జరిపారు. ఇంకా ఊళ్లోనే ఉన్నాడు కాబట్టి రేపు పొద్దున్నే నోటరీ దగ్గరికి వెళ్తున్నాడు.