4×5 పోర్ట్రెయిట్‌లో కళ్లు షార్ప్‌గా రావట్లేదా? నా అనుభవం

గుంటూరు బ్రాడీపేటలో, వరండా వెలుతురులో 4×5 కెమెరాతో (4×5 అంగుళాల ఫిల్మ్ షీట్ వాడే పెద్ద కెమెరా) పోర్ట్రెయిట్లు తీస్తుంటాను. 210 ఎంఎం లెన్స్, అపెర్చర్ (లెన్స్ రంధ్రం) ఎఫ్/8. గ్రౌండ్ గ్లాస్ (కెమెరా వెనక ఫోకస్ చూసుకునే గరుకు అద్దం) మీద కళ్లు షార్ప్, నెగెటివ్‌లో మాత్రం చెవి షార్ప్. ఫోకస్ చూశాక ఫిల్మ్ ఉన్న హోల్డర్ పెట్టేలోపు మనిషి కాస్త ముందుకి వాలుతున్నాడన్నమాట. రంధ్రం ఎఫ్/22కి చిన్నది చేయడం, వీపు ఆనే కుర్చీ, "కదలకు బాబాయ్" అని బతిమాలడం, ఏదీ పనిచేయలేదు.

చివరికి దారం పనిచేసింది. పూలు కట్టే నూలు దారం ఒక కొస ట్రైపాడ్ తలకి కట్టాను. లెన్స్‌కి కడితే లాగినప్పుడు ఫోకసే జరిగిపోవచ్చు. భూతద్దంతో దగ్గరి కంటి రెప్పల మీద ఫోకస్ చేసి, దారం బిగువుగా లాగి, కణతకి తగిలిన చోట ముడి వేశాను. షటర్ మూసి, కాక్ చేసి (క్లిక్‌కి సిద్ధంగా బిగించి), హోల్డర్ పెట్టి, డార్క్ స్లైడ్ (ఫిల్మ్‌కి వెలుతురు తగలకుండా ఉండే మూత) తీశాక మళ్లీ దారం లాగి, ముడి కణతకి తగిలేదాకా బాబాయిని జరిపాను. దారం వదిలి వెంటనే క్లిక్. రెప్పవెంట్రుకలు విడివిడిగా కనిపించాయి!

కూర్చున్న పెద్దవాళ్లతోనే చూశాను. చిన్నపిల్లలతో కష్టమేమో. సాగే దారం మాత్రం వాడకండి.