మధ్యాహ్నానికి శ్రుతి తప్పే ఆర్గాన్

ఇంట్లో కట్టుకున్న ఎలక్ట్రానిక్ ఆర్గాన్ పొద్దున బాగానే పలికేది. మధ్యాహ్నానికి ఒక్కో స్వరం ఒక్కో దారి. కడపలో మే నెల ఎండ మరి! కాంటాక్టులు తుడిచాను, పవర్ సప్లై మార్చాను. రెండు ఆదివారాలు దండగ. చివరకు, స్వరాన్ని పుట్టించే ఒక 555 టైమర్ చిప్ ఆసిలేటర్‌లో, ఛార్జిని దాచే కెపాసిటర్ దగ్గరికి వేడి సోల్డరింగ్ ఐరన్ తెచ్చి చూస్తే శ్రుతి గబగబా పైకెక్కింది. దొంగ దొరికాడు: చవక సిరామిక్ డిస్క్. వేడికి దాని కెపాసిటెన్స్ (ఛార్జిని పట్టే సామర్థ్యం) తగ్గి ఫ్రీక్వెన్సీ పెరుగుతోంది. పన్నెండు ఆసిలేటర్లకూ పాలిస్టర్ కెపాసిటర్లు వేసి, పై ఆక్టేవ్‌లోని ‘ఏ’ స్వరాన్ని 1760 హెర్ట్జ్‌కు, మిగతావాటిని దాన్నిబట్టి కుదిర్చాను. కింది ఆక్టేవులు 4024 కౌంటర్ చిప్‌లు పై స్వరాల ఫ్రీక్వెన్సీని సగానికి సగం భాగించి ఇచ్చేవే, వాటిని ముట్టుకోలేదు. శ్రుతి కుదిర్చే ట్రిమ్మర్లు (తిప్పి సరిచేసే చిన్న రెసిస్టర్లు) మాత్రం మల్టీటర్న్‌వే, అంటే చాలా చుట్లు తిరిగేవే కొనండి. మామూలువి వేలు తగిలితే కదులుతాయి. ఇప్పుడూ కాస్త జారుతుంది, మా అమ్మ గుర్తుపట్టనంత.