కెమెరా మార్చేముందు పాత బ్యాటరీ, మెమరీ కార్డు పనికొస్తాయో లేదో చూసుకోవడం ఎలా

కెమెరా మార్చేటప్పుడు మన దగ్గరున్న అదనపు బ్యాటరీలు, కార్డులు కొత్తదానికీ సరిపోతాయని ఆశపడటం సహజమే కానీ, కంపెనీ ఒకటే కదా అన్న ధైర్యంతో డబ్బు కట్టేయకూడదు. కెనాన్ 1300డిలో ఎల్‌పి-ఇ10, 700డిలో ఎల్‌పి-ఇ8, 200డిలో ఎల్‌పి-ఇ17 బ్యాటరీలు వాడతారు. ఒకదానిది మరొకదానిలో పనిచేయదు, ఛార్జర్లు కూడా వేరే.

అందుకే ముందుగా బ్యాటరీని బయటకు తీసి, దాని లేబుల్ మీద ఉన్న పేరును చివరి అక్షరంతో సహా రాసుకోండి. ఆ తర్వాత కొనబోయే కెమెరా మాన్యువల్‌లో సాంకేతిక వివరాల పేజీ తెరిచి, అక్కడ రాసి ఉన్న బ్యాటరీ పేర్లతో పోల్చండి. చివరి అక్షరం చిన్నదే అయినా దాని ప్రభావం చిన్నది కాదు. ఎల్‌పి-ఇ6 సామర్థ్యం 1800 మిల్లీయాంపియర్ అవర్లు, ఎల్‌పి-ఇ6ఎన్‌ది 1865, ఎల్‌పి-ఇ6ఎన్‌హెచ్‌ది 2130. ఈ మూడూ కెనాన్ ఆర్5లో పనిచేస్తాయి. అయితే మొదటిదాన్ని కెమెరాలోనే ఉంచి యుఎస్‌బి ద్వారా ఛార్జ్ చేయలేం. ఎన్‌హెచ్ కానివి వేస్తే వరుసగా ఫోటోలు తీసే వేగం కూడా తగ్గుతుంది. కాబట్టి ‘పనిచేస్తుందా’ అని అడిగి ఊరుకోకుండా, ‘అన్ని సదుపాయాలతో పనిచేస్తుందా’ అని కూడా అడగాలి. ఇతర కంపెనీల బ్యాటరీల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. నేను కొన్న అలాంటి బ్యాటరీ ఒకటి ఎంత ఛార్జ్ మిగిలిందో చూపించకుండానే, మా చెల్లెలి నిశ్చితార్థంలో ఉంగరాలు మార్చుకునే వేళకు ఆగిపోయింది.

కార్డుల విషయంలో చిక్కు వేరు. ఎస్‌డి, ఎస్‌డిహెచ్‌సి, ఎస్‌డిఎక్స్‌సి మూడూ ఒకే కొలతలో ఉంటాయి కనుక స్లాట్‌లో పట్టినంత మాత్రాన కెమెరా చదువుతుందని కాదు. మొదటి రకం 2 జీబీ వరకు, రెండోది 32 జీబీ వరకు, మూడోది 2 టీబీ వరకు ఉంటుంది. పాత కార్డు కొత్త కెమెరాలో సాధారణంగా పనిచేస్తుంది కానీ, 64 జీబీ కార్డు పాత కెమెరాలో పనిచేయాలంటే దాని మాన్యువల్‌లో ఎస్‌డిఎక్స్‌సి అని ఉండాలి. వెనుక రెండు వరుసల పిన్నులతో ఎక్కువ వేగంగా పనిచేసే యుహెచ్‌ఎస్-2 కార్డు యుహెచ్‌ఎస్-1 కెమెరాలోనూ పనిచేస్తుంది, కాకపోతే ఆ అదనపు వేగం అందదు. వీడియో తీసేవారు కార్డు మీద పెద్దగా ముద్రించిన సంఖ్యను కాక వి30 వంటి గుర్తును చూడాలి. పెద్ద సంఖ్య సాధారణంగా చదివే వేగం, వి30 అంటే సెకనుకు కనీసం 30 మెగాబైట్లు రాయగలదని హామీ.

పాత కెమెరా కొంటున్నట్లయితే, కార్డులోని ఫోటోలను ముందే కంప్యూటర్‌లోకి కాపీ చేసుకుని మీ కార్డు, బ్యాటరీ వెంట తీసుకెళ్లండి. వాటిని కెమెరాలో పెట్టి, అందులోనే కార్డును ఫార్మాట్ చేసి, కొన్ని ఫోటోలు, మూడు నిమిషాల వీడియో తీసి, అక్కడే తెర మీద ఆడించి చూశాకే డబ్బు ఇవ్వండి.