హైప్ ఉన్న సూపర్‌హీరో కామిక్ కొనేముందు, కొన్న తర్వాత: బెంగళూరులో ఉండే కలెక్టర్ల కోసం

పేరున్న సూపర్‌హీరో చనిపోతున్నాడనో, కథ మళ్లీ ఒకటో సంచిక నుంచి మొదలవుతోందనో వార్త బయటికి పొక్కిందంటే, ఎప్పుడూ కామిక్స్ పట్టుకోనివాళ్లు కూడా ఆ సంచిక కోసం ఎగబడతారు. అప్పుడు మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న ఒకటుంది. ఎన్ని కాపీలు అచ్చేస్తున్నారు, అందులో ఎన్నింటిని జనం జాగ్రత్తగా దాస్తారు? ధర గురించి మిగతా లెక్కలన్నీ దీని తర్వాతే.

దీనికి అందరూ చెప్పుకునే ఉదాహరణ 1992 నవంబర్ 18న వచ్చిన, సూపర్‌మ్యాన్ చనిపోయే సూపర్‌మ్యాన్ 75వ సంచిక. డాన్ జర్గెన్స్ కథ, బొమ్మలు. ఇంకింగ్, అంటే పెన్సిల్ గీతల మీద సిరా దిద్దడం, బ్రెట్ బ్రీడింగ్. పేజీకి ఒకే ఒక్క బొమ్మతో మొత్తం కథ నడుస్తుంది. కలెక్టర్ల ఎడిషన్ నల్ల ప్లాస్టిక్ సంచిలో సీల్ చేసి వచ్చింది, సంచి మీద రక్తం కారుతున్న 'ఎస్' గుర్తు. అన్ని ఎడిషన్లూ కలిపి 60 లక్షలకు పైగా అమ్ముడైంది. కొన్నవాళ్లలో చాలామంది రేపు లక్షలు పలుకుతుందని సంచి విప్పకుండా దాచారు. అందరూ దాచిన వస్తువు అరుదు ఎలా అవుతుంది? 1991లో వచ్చిన ఎక్స్‌మెన్ 1వ సంచికదీ అదే కథ. అయిదు కవర్లు, 80 లక్షల పైచిలుకు కాపీలు. ఈనాటికీ అది కొన్ని డాలర్లకే దొరుకుతుంది.

ఇప్పుడు 1993లో వచ్చిన బ్యాట్‌మ్యాన్ అడ్వెంచర్స్ 12వ సంచిక చూడండి. టీవీ కార్టూన్ ఆధారంగా పిల్లల కోసం వేసిన కామిక్ అది. బ్యాట్‌మ్యాన్ కథల్లోని విలన్ హార్లీ క్విన్ కామిక్స్‌లో అడుగుపెట్టింది అందులోనే. అప్పుడు దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. పిల్లలు చదివారు, మడిచారు, పారేశారు. అందుకే శుభ్రంగా ఉన్న కాపీకి ఇవాళ సూపర్‌మ్యాన్ 75 కంటే ఎన్నో రెట్లు ధర. కాబట్టి హైప్ ఉన్న సంచికను డబ్బు పెట్టుబడిగా కొనకండి. చదవాలని ఉంటే, ఆ సందర్భం మీ దగ్గర ఉండాలని ఉంటే, ఒక్క కాపీ, కవర్ మీద వేసిన ధరకు దగ్గరగా కొనండి. ఈ గైడ్ అలా కొనేవాళ్ల కోసమే.

ముందే చెప్పి పెట్టుకోవడం

బెంగళూరు పుస్తకాల షాపుల్లో ఎక్కువగా కనిపించేవి కలిపి కుట్టిన సంపుటాలు. విడి సంచికలు, అంటే మధ్యలో రెండు పిన్నులు కొట్టిన 32 పేజీల పల్చటి పుస్తకాలు, తక్కువ. విడుదల రోజున చర్చ్ స్ట్రీట్‌కి వెళ్లి కొనేద్దాం అనుకుంటే చాలాసార్లు ఉత్త చేతులతో రావాలి. విడి సంచికలు దిగుమతి చేసే షాపులో గానీ, విదేశీ షాపు ఆన్‌లైన్‌లో గానీ ముందే ఆర్డర్ పెట్టాలి.

ఇక్కడ తెలుసుకోవాల్సిన తేదీ ఎఫ్ఓసీ, అంటే షాపు తన ఆర్డర్ సంఖ్యను మార్చుకోగల ఆఖరి రోజు. మామూలుగా అది విడుదలకు 3 లేదా 4 వారాల ముందు వస్తుంది. ప్రచురణకర్త ఎన్ని కాపీలు వేయాలో ఆ తర్వాతే తేల్చుకుంటాడు. మీ పేరు అంతకుముందే షాపువాడి జాబితాలో ఉండాలి. హైప్ వార్త చాలాసార్లు ఎఫ్ఓసీ దాటాక బయటికొస్తుంది, అప్పటికి షాపులు తక్కువే ఆర్డర్ చేసి ఉంటాయి. మొదటి వారం ధరలు భగ్గుమనేది అందుకే. రెండు మూడు వారాల్లో రెండో ముద్రణ ప్రకటన వస్తుంది, మంట తగ్గుతుంది. 2024 అక్టోబర్‌లో వచ్చిన ఆబ్సొల్యూట్ బ్యాట్‌మ్యాన్ 1వ సంచికను ఒకటి తర్వాత ఒకటిగా పునర్ముద్రణలు వేయాల్సి వచ్చింది. కథ చదవడమే మీకు ముఖ్యమైతే మొదటి వారం ఆగండి.

అమెరికా నుంచి తెప్పించేటప్పుడు ఒక్క కామిక్ కోసం పార్సిల్ కట్టించకండి. పోస్టేజీని బరువు శ్లాబుల లెక్కన వేస్తారు, ఒక సంచికకూ ఏడెనిమిది సంచికలకూ ఖర్చులో తేడా స్వల్పం. నెలంతా పట్టి ఉంచి ఒకేసారి పంపమని అడిగితే చాలా షాపులు ఒప్పుకుంటాయి. 2019 బడ్జెట్‌లో దిగుమతి పుస్తకాల మీద 5 శాతం కస్టమ్స్ సుంకం పెట్టారు. దానికి పైన కొరియర్ కంపెనీ తన చార్జీ వేస్తుంది, చిన్న పార్సిల్‌కి ఈ చార్జీయే సుంకం కంటే ఎక్కువగా ఉంటుంది. డిక్లరేషన్‌లో 'ప్రింటెడ్ కామిక్ బుక్స్' అని ఉన్నదున్నట్టు రాయమనండి. 'కలెక్టబుల్' అని రాస్తే బొమ్మో ఆటవస్తువో అనుకుని పార్సిల్‌ని పక్కన పెట్టే అవకాశం ఉంది. కేవైసీ మెసేజ్ వచ్చిన రోజే పూర్తి చేయండి, లేకపోతే పార్సిల్ గోదాములోనే కూర్చుంటుంది.

బార్‌కోడ్ చదవడం వస్తే సగం మోసాలు ఆగిపోతాయి

ఈ కాలపు మార్వెల్, డీసీ సంచికల మీద పెద్ద బార్‌కోడ్ పక్కనే 5 అంకెల చిన్న బార్‌కోడ్ ఉంటుంది. అందులో మొదటి మూడు అంకెలు సంచిక సంఖ్య. నాలుగోది ఏ కవర్ అన్నది. అయిదోది ఎన్నో ముద్రణ అన్నది. 00111 అంటే 1వ సంచిక, మొదటి కవర్, మొదటి ముద్రణ. 00121 అంటే అదే సంచిక, రెండో కవర్, మొదటి ముద్రణే. 00112 అయితే రెండో ముద్రణ. అమ్మేవాడు 'ఫస్ట్ ప్రింట్' అని ఎంత నొక్కి చెప్పినా ఆఖరి అంకె 1 కాకపోతే అది ఫస్ట్ ప్రింట్ కాదు. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు బార్‌కోడ్ దగ్గరి ఫోటో అడగండి. పంపనివాళ్ల దగ్గర కొనవద్దు.

పాత సంచికల్లో ఈ పద్ధతి నడవదు. మొదటి పేజీ అడుగున గానీ కవర్ లోపలివైపు గానీ ఉండే సన్నని అక్షరాల పేరా చదవాలి, దాన్నే ఇండీషియా అంటారు. పాత సంచికలను యథాతథంగా మళ్లీ వేసే ఫాక్సిమిలీ ఎడిషన్ల దగ్గరా ఇదే దారి. పాత ధర కవర్ బొమ్మలో భాగంగానే అచ్చవుతుంది కాబట్టి పైపైన చూస్తే అసలుదే అనిపిస్తుంది. ఇండీషియాలో కొత్త సంవత్సరం కనిపిస్తే విషయం తేలిపోయినట్టే.

వేరియంట్ కవర్ల గురించి, అంటే అదే సంచికకు వేసే వేరే బొమ్మ కవర్ల గురించి, ఒక మాట. 1:25 అంటే షాపు 25 మామూలు కాపీలు తెప్పిస్తేనే ఆ కవర్ ఉన్న కాపీ ఒకటి ఇస్తారని అర్థం. 1:100 కూడా అంతే. తక్కువ కాపీలు తెప్పించే షాపుకి 1:100 అందడం కష్టం, అందువల్ల దాన్ని కవర్ ధరకే ఇస్తామంటే రెండుసార్లు చూసుకోండి. హైప్ ఉన్నా అరుదుగా నిలిచినవి చాలావరకు ఇలాంటివే. కొత్త స్పైడర్‌మ్యాన్ మైల్స్ మోరాలెస్ మొదటిసారి కనిపించిన 2011 నాటి అల్టిమేట్ ఫాలౌట్ 4వ సంచికలో 1:25 కవర్‌కి మామూలు కవర్‌ని మించిన ధర ఉంది.

పాత హైప్ సంచికల వేట

చర్చ్ స్ట్రీట్‌లో బ్లాసమ్, బుక్‌వార్మ్, బ్రిగేడ్ రోడ్ పక్క సందులో సెలెక్ట్, పాత పుస్తకాలకు అవెన్యూ రోడ్. వీటి మధ్య శనివారం ఉదయం తిరగడం మంచిది, మధ్యాహ్నానికి జనం పెరిగి పెట్టెలు తాపీగా వెతకనివ్వరు. ఏడాదికోసారి జరిగే కామిక్ కాన్‌లో విడి సంచికల స్టాళ్లు ఉంటాయి. మొదటి రోజు ఎంపిక ఎక్కువ, చివరి రోజు సాయంత్రం బేరం ఎక్కువ.

సూపర్‌మ్యాన్ 75 కనిపిస్తే ముందు ఏ ఎడిషనో చూడండి. నల్ల సంచిలో వచ్చినదాని లోపలి కవర్ మీద సమాధి రాయి ఉంటుంది. సంచి లేకుండా అమ్మినదాని మీద చిరిగిన కేప్ జెండాలా వేలాడుతుంటుంది. సంచి విప్పి ఉంటే లోపలి సరుకంతా ఉందో లేదో లెక్కపెట్టండి: కామిక్, పోస్టర్, డైలీ ప్లానెట్ సంతాప వార్త, నల్ల చేతి పట్టీ, స్టాంపులు, ట్రేడింగ్ కార్డు. చేతి పట్టీ, స్టాంపులే ముందు పోతాయి. విప్పని సంచి అయితే పైన కింద ఉన్న సీల్ గీతలు ఒకే వెడల్పులో, ముడతల్లేకుండా ఉన్నాయేమో వేలితో తడిమి చూడండి. ఇస్త్రీపెట్టెతో మళ్లీ అతికించిన చోట ప్లాస్టిక్ మెరుస్తూ గట్టిగా తగులుతుంది. నాలుగు మూలలూ నొక్కి చూడండి, మొద్దుబారిన మూల సంచి పైనుంచే తెలుస్తుంది. సంచి నల్లగా ఉంటుంది కనుక కాగితం పరిస్థితి మాత్రం విప్పితేనే బయటపడుతుంది. అందుకే సీల్ ఉందన్న ఒక్క కారణానికి ఎక్కువ ఇవ్వక్కర్లేదు.

మన దగ్గర వెతకదగ్గ ఇంకో సంచిక స్పైడర్‌మ్యాన్ ఇండియా. అందులోని భారతీయ స్పైడర్‌మ్యాన్ పవిత్ర్ ప్రభాకర్ పాత్ర 2004లో మొదలైంది. గోథమ్ కామిక్స్ ఇక్కడ వేసిన ఎడిషన్ వేరు, మార్వెల్ అమెరికాలో వేసిన నాలుగు సంచికలు వేరు. పవిత్ర్ 2023లో సినిమాలోకి వచ్చాక రెండింటికీ గిరాకీ పెరిగింది. ధర రూపాయల్లో ఉందా డాలర్లలో ఉందా చూసి, ఏది కొంటున్నారో తెలుసుకుని బేరమాడండి.

ఏ సంచికైనా పరీక్షించే తీరు ఒకటే. పుస్తకాన్ని అరచేతిలో పడుకోబెట్టి, ఫోన్ టార్చ్ పక్కనుంచి ఏటవాలుగా పడేలా పట్టుకోండి. నేరుగా పైనుంచి వెలుగు పడితే ఏ లోపమూ కనిపించదు. పిన్నుల దగ్గర వెన్ను మీద గోటితో నొక్కినట్టు సన్నని గీతలుంటాయి, వాటిని స్పైన్ టిక్స్ అంటారు. రంగు చెరగని గీత పరవాలేదు, రంగు ఊడి తెల్లగా బయటపడిందే ధరను కోసేస్తుంది. తర్వాత నడిమి పేజీలు తెరిచి పిన్నులు చూడండి. తుప్పు పట్టిన పిన్ను చుట్టూ గోధుమ రంగు మచ్చ పేజీలోకి పాకుతూ ఉంటుంది, అది ఆగదు. చివరిగా వాసన చూడండి. చెమ్మ వాసన ఉన్న పుస్తకం మీ పెట్టెలోని మిగతావాటికీ బూజు అంటిస్తుంది.

బిల్లు వేసేటప్పుడు ధర స్టిక్కర్‌ను కవర్ మీద కాకుండా ప్లాస్టిక్ సంచి మీద అంటించమని చెప్పండి. ఇప్పటికే కవర్ మీద ఉంటే పీకకండి, మెరుపు పొర దానితోపాటే లేచి వస్తుంది.

ఇంటికి చేర్చడం, దాచడం

ఇప్పటి కామిక్ కొలత దాదాపు 16.8 × 26 సెంటీమీటర్లు. స్టేషనరీ షాపులో దొరికే గట్టి ఏ4 ఫైలులో చక్కగా పడుతుంది. వైట్‌ఫీల్డ్ నుంచి పర్పుల్ లైన్‌లో నిలబడి వచ్చేటప్పుడు బ్యాగులో వంగిపోకుండా ఇది కాపాడుతుంది. వానాకాలమైతే ఫైలుకి పైన జిప్ కవర్ ఒకటి. సంతకం చేయించుకుంటే సిరా ఆరేదాకా కొన్ని నిమిషాలు సంచిలో పెట్టకండి, ప్లాస్టిక్‌కి అంటుకుని సగం సంతకం ఊడొస్తుంది.

దాచడానికి పాలీప్రొపిలీన్ సంచి, వెనక యాసిడ్ లేని అట్ట. ఇప్పటి సంచికలకు 6⅞ × 10½ అంగుళాల 'కరెంట్' సైజు, 1960ల నాటివాటికి 7⅛ అంగుళాల 'సిల్వర్' సైజు. బిగుతు సంచిలో తోస్తే మూలలు నలుగుతాయి. స్టేషనరీలో దొరికే మందపాటి పీవీసీ కవర్లు వద్దు, వాటిలోని నూనెలాంటి పదార్థం బయటికొచ్చి సిరాకి అతుక్కుంటుంది. పుస్తకాల బైండింగ్‌కి వాడే బూడిదరంగు అట్టలో యాసిడ్ ఉంటుంది, కొన్నేళ్లలో వెనక కవర్ పసుపెక్కుతుంది.

ఇంట్లో పాడయ్యే కామిక్స్‌లో ఎక్కువ టేపు వల్లే పాడవుతాయి. సంచి మూత టేపు సగం విప్పి పుస్తకం పైకి లాగుతారు, ఆ జిగురు కవర్ పైఅంచుని పట్టేసుకుంటుంది, గీసినట్టు ఒక చీలిక లేచిపోతుంది. టేపు పూర్తిగా పీకి, మూతను వెనక్కి మడిచి, అప్పుడు అట్టతో సహా బయటికి తీయండి. చదివేటప్పుడు బల్ల మీద పెట్టి, కవర్‌ని వెనక్కి తిప్పకుండా, సగమే తెరిచి చదవండి.

పెట్టెలో నిలువుగా, ఖాళీ లేకుండా, అలాగని ఇరుక్కోకుండా నిలబెట్టాలి. ఖాళీ మిగిలితే పుస్తకాలు ఒరిగి వెన్ను వంకర పోతుంది, అక్కడ అట్టముక్కలు నింపండి. బెంగళూరులో జూన్ నుంచి అక్టోబర్ దాకా బయటిగోడలు చెమ్మగిల్లుతాయి, పెట్టెను గోడకి ఒక జానెడు దూరంలో, నేలకి పైన పెట్టండి. అటక మీద అసలు వద్దు, ఎండాకాలం వేడికి కాగితం పెళుసవుతుంది. చిన్న హైగ్రోమీటర్ ఒకటి పెట్టె పక్కన ఉంచితే మంచిది. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే నిశ్చింత, 65 దాటితే బూజుకి దారి తెరిచినట్టే. సిలికా జెల్ పొట్లాలు వేస్తే రంగు మారినప్పుడల్లా ఆరబెట్టాలి, తడిసిన జెల్ ఉన్నా లేనట్టే. పుస్తకాల మధ్య వేపాకు వేసే అలవాటు మనలో చాలా ఇళ్లలో ఉంది, కామిక్స్‌లో మాత్రం వేయకండి. ఆకు రసం కాగితం మీద గోధుమ మచ్చ అవుతుంది. కలరా ఉండల వాసన పట్టిందంటే వదలదు. సంచులు అలలు తేలినా, పసుపెక్కినా, లేదా 5 నుంచి 7 ఏళ్లు గడిచినా మార్చేయండి.

గ్రేడింగ్ కోసం, అంటే పుస్తకం స్థితికి మార్కులు వేయించడం కోసం, అమెరికా పంపాలా అని చాలామంది అడుగుతారు. అక్కడి సీజీసీ అనే సంస్థ 2000 నుంచి 10 పాయింట్ల కొలతలో గ్రేడ్ ఇచ్చి గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీల్ చేస్తోంది. పోను రాను పోస్టేజీ, బీమా, గ్రేడింగ్ రుసుము కలిపి చూసుకుంటే సూపర్‌మ్యాన్ 75 లాంటి దండిగా దొరికే సంచికకు ఆ ఖర్చు తిరిగి రాదు. అరుదైన వేరియంట్‌కో, మంచి స్థితిలో ఉన్న బ్యాట్‌మ్యాన్ అడ్వెంచర్స్ 12 లాంటిదానికో అయితే ఆలోచించవచ్చు. పంపేటప్పుడు పార్సిల్ పెట్టెలకు వాడే ముడతల అట్టలు రెండింటి మధ్య పెట్టండి. ఒక అట్ట గీతలు నిలువుగా, రెండోదాని గీతలు అడ్డంగా ఉండాలి, అప్పుడు ఏ వైపూ వంగదు. చుట్టూ మాస్కింగ్ టేపు వేసి, టేపు చివర మడిచి పట్టుకునేలా వదిలితే, అవతలివాళ్లు కత్తి పెట్టే పని ఉండదు.