జిమ్ మెషీన్ చూపే కేలరీలు: ఎంత నమ్మాలి, ఎలా సరిచూసుకోవాలి

అలిపిరి దారిలో 3,550 మెట్లు. వాటిని ఎక్కడానికి నెల ముందు నుంచే ట్రెడ్‌మిల్ మీద నడక సాధన చేసేవాళ్లు తిరుపతి జిమ్ముల్లో కనిపిస్తూనే ఉంటారు. మెషీన్ దిగేటప్పుడు చాలామంది ముందు చూసుకునేది స్క్రీన్ మీది కేలరీల అంకె. కానీ మెషీన్ దాన్ని కొలవదు, లెక్కగడుతుంది. బెల్టు వేగం, ఇంక్లైన్ (బెల్టు ఎంత ఏటవాలుగా ఉందో), మీరు స్క్రీన్ మీద కొట్టిన మీ బరువు, నడిచిన నిమిషాలు: ఈ నాలుగింటినీ సూత్రంలో వేసి జవాబు చూపిస్తుంది. ఏ ఒక్కటి తప్పినా జవాబు తప్పుతుంది.

ఆ లెక్క మీరూ వేసుకోవచ్చు. నడకకు అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ వాళ్ల సూత్రం ఇలా ఉంటుంది. వేగాన్ని నిమిషానికి ఎన్ని మీటర్లో మార్చుకుని 0.1తో గుణించండి. ఇంక్లైన్ ఉంటే అదే వేగాన్ని 1.8తోనూ, ఇంక్లైన్‌తోనూ గుణించి కలపండి. 5 శాతం అంటే 0.05. చివర 3.5 కలపండి. వచ్చేది కిలో బరువుకు నిమిషానికి ఒళ్లు వాడుకునే ఆక్సిజన్, మిల్లీలీటర్లలో. దాన్ని మీ బరువుతో, నిమిషాలతో గుణించి వెయ్యితో భాగిస్తే లీటర్లు వస్తాయి. లీటరు ఆక్సిజన్‌కు దాదాపు 5 కేలరీలు. 70 కిలోల మనిషి గంటకు 5.5 కిలోమీటర్ల వేగంతో అరగంట చదునుగా నడిస్తే 133 కేలరీలు వస్తాయి. ఇంక్లైన్ 5 పెడితే 220. పరుగుకు ఈ సూత్రం పనికిరాదు, దాని అంకెలు వేరు.

ఆ 133లో ఇంకో మెలిక ఉంది. అరగంట ఊరికే కూర్చున్నా ఆ మనిషికి 37 దాకా ఖర్చవుతాయి. నడక వల్ల అదనంగా ఖర్చయినవి 96 మాత్రమే. చాలా మెషీన్లు మొత్తం కలిపే చూపిస్తాయి.

ఇక సరిచూడటం. మొదట బరువు. క్విక్ స్టార్ట్ నొక్కి ఎక్కేస్తే మెషీన్ తనకు ఫ్యాక్టరీలో పెట్టిన బరువే తీసుకుంటుంది. చాలావాటిలో అది 70 కిలోలకు దగ్గరగా ఉంటుంది, కాబట్టి 52 కిలోల అమ్మాయికి అంకె మూడో వంతు దాకా పెరిగిపోతుంది. బరువు కొట్టేటప్పుడు పక్కన కేజీ ఉందా, ఎల్‌బీ (పౌండ్లు) ఉందా చూడండి. పౌండ్ల మెషీన్‌లో 70 అని కొడితే మిమ్మల్ని 32 కిలోల పిల్లాడిగా లెక్కేసి సగం కూడా చూపించదు. అక్కడ 154 కొట్టాలి.

రెండోది చేతులు. అన్నిటికంటే పెద్ద తప్పు ఇక్కడే జరుగుతుంది. ఇంక్లైన్ 10 పెట్టి, ముందున్న కడ్డీని పట్టుకుని, ఒళ్లు వెనక్కి వాల్చి నడిచేవాళ్లను పక్కనుంచి చూడండి. బెల్టు ఎంత వాలిందో మనిషీ అంతే వెనక్కి వాలి ఉంటాడు. బరువులో కొంత చేతుల మీదుగా కడ్డీకి పోతుంది. మెషీన్ మాత్రం పూర్తి ఎత్తు ఎక్కినట్టే లెక్క వేస్తుంది. మెట్ల కోసం సాధన చేసేవాళ్లకు ఇది మరీ నష్టం, ఎందుకంటే పని చేయాల్సిన పిక్కలు, తొడలు తేలిగ్గా తప్పించుకుంటాయి. చేతులు వదిలి నడవలేకపోతే ఇంక్లైన్ తగ్గించండి.

మూడోది బెల్టు. కరెంటు ప్లగ్గు తీసి, బెల్టు అంచున సుద్దముక్కతో గీత పెట్టి, చేత్తో తిప్పుతూ టేపుతో చుట్టుకొలత తీయండి. 3.2 మీటర్లు వచ్చిందనుకుందాం. 20 చుట్లకు 64 మీటర్లు. ఒకరు గంటకు 6 కిలోమీటర్ల స్పీడులో నడుస్తుంటే ఇంకొకరు ఫోన్‌లో వీడియో తీసి గీతను లెక్కపెట్టాలి. 20 చుట్లు 38.4 సెకన్లలో పూర్తవ్వాలి. 41 సెకన్లు పడితే అసలు స్పీడు 5.6 మాత్రమే. ఖాళీ బెల్టు మీద ఈ పరీక్ష చేయకండి, మనిషి బరువు పడితేనే లోపం బయటపడుతుంది. సెన్సర్ సాధారణంగా మోటారు దగ్గరో ముందు రోలరు దగ్గరో ఉంటుంది. బెల్టు వదులై రోలరు మీద జారుతుంటే స్క్రీన్ రోలరు వేగమే చూపిస్తుంది. బెల్టు కింద సిలికాన్ ఆయిల్ ఎండిపోయినా రాపిడి పెరిగి ఇలాగే జరగొచ్చు. ఇంక్లైన్‌ను ఫోన్‌లోని లెవెల్ యాప్‌తో చూడొచ్చు: 5 శాతానికి 2.9 డిగ్రీలు, 10కి 5.7 ఉండాలి.

జిమ్ సైకిల్ దగ్గర వాట్లు, అంటే మీరు పెడల్ మీద పెట్టే శక్తి, చూడండి. వాట్లను నిజంగా కొలిచే సైకిల్ అయితే కేలరీల అంకె బాగా నమ్మదగ్గది. సగటు వాట్లను నిమిషాలతో, తర్వాత 0.06తో గుణించండి, 100 వాట్లతో అరగంటకు 180. బ్రేకు ప్యాడ్‌తో బిగించే మామూలు స్పిన్ సైకిల్‌లో చాలావాటి స్క్రీన్‌కు నాబ్ ఎంత బిగించారో తెలియదు, పెడల్ తిరిగిన లెక్కే తెలుసు. ఆ కేలరీల అంకెను వదిలేయండి. క్రాస్ ట్రైనర్ (కాళ్లతో తొక్కుతూ చేతులతో కడ్డీలు తోసే మెషీన్) అంకెను నమ్మడం ఇంకా కష్టం: ఒక్కో కంపెనీ అడుగు పొడవు ఒక్కోలా ఉంటుంది, చేతులు తోస్తున్నాయా ఊరికే ఊగుతున్నాయా దానికి తెలియదు.

వాచీ పెట్టుకున్నా గండం గడవదు. 2017లో స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు ఏడు రకాల చేతి బ్యాండ్లను 60 మందితో పరీక్షించారు. గుండె వేగం చాలావాటిలో సరిగానే వచ్చింది. కేలరీల్లో మాత్రం అన్నిటికన్నా మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పింది. పైగా మే నెల ఎండలో ఏసీ లేని జిమ్ములో అదే నడకకు గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. అది వేడికి, ఖర్చయిన కేలరీలకు కాదు. వాచీకి ఆ తేడా తెలియదు.

అందుకే అంకెను తిండి లెక్కలోకి తేవద్దు. స్క్రీన్ మీద 300 కనబడిందని రాత్రికి ఇంకో సంగటి ముద్ద వేసుకుంటే నష్టం మీకే: 100 గ్రాముల రాగిపిండిలోనే 320 దాకా ఉంటాయి. అదే మెషీన్, అదే బరువు, చేతులు వదిలి, వారానికి ఒకసారి అదే స్పీడు, అదే ఇంక్లైన్‌లో అరగంట నడిచి, చివరి నిమిషంలో గుండె ఎంత కొట్టుకుంటుందో నోటుపుస్తకంలో రాసుకోండి. నెలకు ఆ అంకె తగ్గుతూ వస్తే ఇంక్లైన్ ఒక శాతం పెంచండి.