మోడల్ రైల్వే, నాలుగో పాఠం: తేలిపోయిన కంకర

ఈసారి కొండలు మొదలుపెడదామనుకున్నాను, కానీ ముందు కంకర సంగతి తేల్చాలి. పోయిన పాఠంలో బొమ్మ పట్టాల చుట్టూ కంకర పోసి జిగురుతో అంటించాం. అది చేసినవాళ్లలో చాలామందికి ఒకటే ఇబ్బంది. జిగురు చుక్క పడగానే కంకర ఉండ కట్టింది, స్లీపర్ల (పట్టాల కింది అడ్డదిమ్మెల) మీదికి తేలింది. ఆరాక చూస్తే పైన పెచ్చు, కింద పొడి. తప్పు నాదే. "కంకరను ముందు తడపండి" అని ఒక్క ముక్కలో చెప్పి వదిలేశాను.

ఎండాకాలం మట్టిరోడ్డు మీద తొలి చినుకు పడటం చూసే ఉంటారు. అది వెంటనే ఇంకదు. దుమ్ము కప్పుకుని గోళీలా దొర్లుతుంది. పొడి కంకర మీద ఫెవికాల్ నీళ్లూ అంతే. బడిలో చదువుకున్న తలతన్యత ఇదే. దాన్ని తగ్గిస్తే నీళ్లు గింజల మధ్యకి దూరతాయి, ఆ తడి వెంట జిగురూ దిగుతుంది. గ్లాసు నీళ్లలో రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ వేస్తే చాలు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ సగం, నీళ్లు సగం కలిపితే ఇంకా బాగా దిగుతుంది. నేను అదే వాడతాను. ఆల్కహాల్ తేలిగ్గా మండుతుంది, అందుకని కిటికీలు తెరవండి, దగ్గర్లో దీపం గానీ పొయ్యి గానీ ఉండకూడదు.

స్ప్రే సీసాను కంకరకి గురిపెట్టి కొట్టకండి, గింజలు చెదురుతాయి. పట్టాల పైన గాల్లోకి కొట్టండి, మంచులా కిందికి దిగాలి. కంకర రంగు అడుగుదాకా ముదిరే వరకు తడపండి. పై గింజలు మెరిస్తే తడిసిందనుకుని ఆగిపోతున్నారు. చాలామంది పని చెడేది అక్కడే. అనుమానముంటే పక్కన పుల్లతో గుచ్చి చూడండి. అడుగున పొడి కనిపిస్తే మళ్లీ తడపండి.

ఆ తర్వాతే జిగురు. ఒక వంతు ఫెవికాల్, రెండు వంతుల నీళ్లు, ఒక చుక్క లిక్విడ్. సూది తీసేసిన సిరంజితో పట్టాల మధ్య వదలండి. పాలలా తెల్లగా పాకుతుంది, ఆరాక కనపడదు. ఒక రోజంతా ముట్టుకోవద్దు, వానాకాలమైతే రెండు రోజులు. పట్టాల పైభాగం మాత్రం తడి ఉండగానే తుడిచేయండి. జిగురు పొర ఉంటే ఇంజిన్‌కి కరెంటు అందదు.

గింజ సైజు గురించి. మన రైల్వే వాడే కంకర సుమారు 65 మిల్లీమీటర్లు. మనం వాడే హెచ్‌ఓ స్కేలు 1:87, అంటే అసలు సైజులో 87వ వంతు, కాబట్టి మనకి ముప్పావు మిల్లీమీటరు. అక్వేరియం రాళ్లు వేస్తే అరకు లోయ మార్గం కాస్తా బండరాళ్ల మధ్య ఇరుక్కున్నట్టుంటుంది. క్రషర్ రాతిపొడి తెచ్చి కడిగి, ఆరబెట్టి, టీ జల్లెడలో జల్లించండి. మెత్తటి దుమ్ము వద్దు. తర్వాత అయస్కాంతాన్ని కాగితంలో చుట్టి పొడిలో తిప్పండి. ఇనుప రేణువులు మిగిలితే మోటారులోని అయస్కాంతం వాటిని లాక్కుంటుంది. ఇది మాత్రం మానకండి.

రంగు విషయంలో నా ఇష్టం చెబుతాను. కొత్త కంకర బూడిద రంగు బాగుంటుంది గానీ, రైళ్లు ఆగే స్టేషన్ దగ్గర బ్రేకుల ఇనుప ధూళి పడి గోధుమ రంగుకి తిరుగుతుంది. అందుకని ప్లాట్‌ఫారం పక్కన పలచని తుప్పురంగు పూస్తాను. గట్ల మీద మా పెరటి ఎర్రమట్టే జల్లుతాను. కొన్న పొడికి ఆ రంగు రాదు.

పాయింట్ల దగ్గర, అంటే రైలు ఒక దారి నుంచి ఇంకో దారికి మారే చోట, కదిలే పట్టాల కింద, వాటిని కలిపే అడ్డపట్టీ చుట్టూ కంకర వేయకండి. అక్కడ బూడిద రంగు పూస్తే సరిపోతుంది. జిగురు ఆరేలోపు అరగంటకోసారి పాయింటు అటూ ఇటూ మార్చుతూ ఉండండి.

అభ్యాసం: అడుగు పొడవు ప్లైవుడ్ ముక్కలు మూడు తీసుకోండి. అన్నిటి మీదా పాత పట్టా ముక్కలు పెట్టి కంకర పోయండి. మొదటిది తడపకుండా, రెండోది ఉత్త నీళ్లతో, మూడోది లిక్విడ్ నీళ్లతో తడిపి జిగురు వేయండి. రెండు రోజుల తర్వాత మూడింటినీ తలకిందులు చేసి, రాలిన పొడిని విడివిడిగా తూకం వేయండి. మూడోదాన్లో చెంచాడు రాలినా మళ్లీ చేయండి. అది నిలబడ్డాకే ఐదో పాఠం, తాటిచెట్లు. ఇరవై మీటర్ల చెట్టు మన స్కేల్లో 23 సెంటీమీటర్లు వస్తుంది. ఈలోగా కొబ్బరిపుల్లలు దాచిపెట్టుకోండి.